ఆదెమ్మ ఏకగ్రీవం

సర్పంచి పదవి ఈసారి ఎస్సీ మహిళకని తేలగానే అంకమ్మరావు గారు ఎవర్నీ అడక్కుండా ఆదెమ్మ పేరు చెప్పేశారు. ఊళ్లో సగం మిరప చేలు ఆయనవే. ఆదెమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆయన కళ్లంలో తాలుకాయలు ఏరుతోంది. ఏకగ్రీవమైతే ఊరికి మంచిదన్నారాయన. నామినేషన్‌కి కొత్త చీర పంపారు. ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేసిందామె.

అదే రోజు ఫెబా కూడా నామినేషన్ వేసింది. ఫెబా ఆదెమ్మ అక్క కూతురు. అక్క పోయాక ఆదెమ్మే పెంచి, డిగ్రీ దాకా చదివించింది. తాముండే ఎస్సీ కాలనీకి మంచినీళ్లు ఎప్పుడడిగినా అంకమ్మరావు గారు రేపన్నారే తప్ప ఇచ్చింది లేదని ఫెబా కోపం. "పోటీ నీ మీద కాదు చిన్నమ్మా, నిన్ను నిలబెట్టినాయన మీద" అంది.

మర్నాడు పొద్దున అంకమ్మరావు గారి కూలీల ట్రాక్టర్ కాలనీలోకి రాలేదు. కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. పక్క మండలం నుంచి మనుషుల్ని దింపారు. ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు, కొట్టలేదు. నాలుగు రోజులకే కాలనీ మొత్తం ఫెబా గుమ్మం ముందు చేరింది. చర్చిలో ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లే శాపనార్థాలు పెట్టారు. మొగుడు ప్రకాష్ అందరి ముందూ ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆదెమ్మ గుంపులో వెనగ్గా నిలబడింది.

ఫెబా వెళ్లి నామినేషన్ ఉపసంహరించుకుంది. ఆ సాయంత్రం ఆదెమ్మ మెడలో దండ వేసి టపాకాయలు కాల్చారు.

తెల్లారి ట్రాక్టర్ వచ్చింది. ఆదెమ్మా అందరితోపాటు ఎక్కింది. ఫెబా కూడా ఎక్కి కూర్చుంది. అంకమ్మరావు గారు ట్రాక్టర్ ఆపించి ఆదెమ్మ దగ్గరికొచ్చారు.

"సర్పంచివి నువ్వు. ఎవరు పనికి రావాలో, ఎవరు రాకూడదో నువ్వే చెప్పాలి."

ఆదెమ్మకు అర్థమైంది. ఫెబా వంక చూడకుండా ఏదో గొణిగింది.

"అందరికీ వినపడాలిగా" అన్నారాయన.

"ఫెబా, దిగు" అంది ఆదెమ్మ గట్టిగా.

ఫెబా కాసేపు ఆమె మొహంలోకే చూసి దిగింది. అన్నం క్యారియర్ ట్రాక్టర్‌లోనే వదిలేసి, వెనక్కి తిరక్కుండా నడిచిపోయింది.

మధ్యాహ్నం చేలో ఎవరో ఆ క్యారియర్ విప్పారు. పాడైపోతుందంటూ తలా ఒక ముద్ద పంచి, ఆదెమ్మ వంతు ఆమె చేతిలో పెట్టారు. ఆకలి మీదుంది. తినేసింది.