ఇంగర్ బ్రోడర్సన్ గారి పైపు

ఇలా దగ్గరకి రా ట్రెసా, ఆ ఫోను పక్కన పడేసి నా కుర్చీ పక్కన కూర్చో. నీ కొత్త ఇంటి వంటింట్లో సింకు కింద చెత్త నూరే మిషను ఉందని మీ అమ్మ చెప్పింది. తాళంచెవులు చేతికి రాకముందే నువ్వు ఒక మనిషి గురించి వినాలి. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల్లో ఏముందో నాకు తెలియదు. కానీ ఆ రోజు ఎవరు ఏ రంగు ఏప్రన్ కట్టుకున్నారో కూడా చెప్పగలను.

అరవై నాలుగో సంవత్సరం. సరస్సు ఒడ్డున రసీన్ ఊరు. మీ అమ్మ నా కడుపులో ఏడో నెల. అంతకుముందు ఏడాదంతా నేనూ, మీ తాతయ్య లీరాయ్ కలిసి వాళ్ళమ్మ ఇంట్లో, కుట్టుమిషను గదిలో కాపురం చేశాం. తలుపు లేదు, ఒక పూల తెర ఉండేది. తెర అవతల ఎవరైనా తుమ్మితే మేము ఇవతల నుంచి దీవించేవాళ్ళం. బిడ్డ వస్తే ఎక్కడ పడుకోబెట్టాలి? కుట్టుమిషను మీదా? అలాంటి సమయంలో ఇంగర్ బ్రోడర్సన్ గారు తన ఇంటి పైభాగం మాకు ఇచ్చింది. ఆవిడ కింద ఉండేది. ప్లంబరు నీల్స్ భార్య. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ ఇంటి పైపులన్నీ ఆయన చేత్తో వేసినవే. పైవాళ్ళ సింకు నీళ్ళూ కిందవాళ్ళ సింకు నీళ్ళూ ఒకే పైపులోంచి నేలమాళిగలోకి దిగేవి. పోయే ముందు ఆయన చేసిన ఆఖరి పని, పై వంటింట్లో ఆ మిషను బిగించడం.

సామాను దించిన రోజే ఆవిడ మిషను గురించి గడగడా చెప్పేసింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. నా కళ్ళు మాత్రం కిటికీలోంచి కనిపించే సరస్సు మీదే ఉన్నాయి. చివరిమాట ఒక్కటే చెవిన పడింది.

"మీకు ముందు రెండు కుటుంబాలు ఆ పైపు పూడ్చాయి. మూడోసారి జరిగితే నేను ఎవర్నీ తిట్టను, అరవను. పెట్టెలు సర్దుకోమంటాను. అంతే."

ఇక నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ వచ్చింది. లీరాయ్ తరఫువాళ్ళు తొమ్మిదిమంది మా ఇంటికే భోజనానికి వస్తామన్నారు. మొదటిసారి నా వంటింట్లో నా చేతివంట. పొద్దున్నే టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టాను. బంగాళాదుంపలు ఇరవై పౌన్లు తొక్కతీశాను. మా పొలంలో అయితే తొక్కలన్నీ పందుల తొట్టిలో పోసేవాళ్ళం. పంది వద్దనదు. ఈ మిషనూ అలాంటిదే కదా అనుకున్నాను. సింకు నిండా తొక్కలు తోసేసి స్విచ్చి వేశాను. గుర్రుమని నమిలేసింది. అబ్బ, ఎంత ముచ్చటేసిందో! ఆ వెంటనే సెలెరీ అనే పీచు కూర కాడల చివర్లు, ఉల్లిపొట్టు వేశాను. బేకన్, అదే పందిమాంసం, వేయించిన పెనంలో కొవ్వు మిగిలింది. జిడ్డు పోవాలంటే వేడినీళ్ళే అని మా అమ్మ చెప్పేది కాబట్టి, పొగలు కక్కే నీళ్ళతో దాన్నీ పంపించేశాను. మిషను ఒక్కసారి కూడా అడ్డం తిరగలేదు. గిన్నెలు కడగడానికి రెండు బకెట్ల నీళ్ళు వదిలాను.

కింద నుంచి ఆవిడ కేక వినిపించింది.

లీరాయ్ మెట్లు సగం దిగి చూసి, మొహం పాలిపోయి వెనక్కి వచ్చాడు. "వెర్నా, ఆవిడ సింకులోంచి పైకి పొంగుతోంది. నేల మీదకి కారుతోంది. బూడిదరంగు గంజిలా ఉంది."

"మనదేనంటావా?"

"తొక్కలు తేలుతున్నాయే! ఎవరివి మరి, పోప్‌గారివా?" అని నెత్తి పట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమీ అనకు. ఆవిడ సింకే కదా పొంగింది, ఆవిడే ఏదో వేసుకుందనుకుంటుంది. పండగ గడిచాక చూద్దాం" అన్నాడు.

కాసేపు నాకూ అదే బాగుందనిపించింది తల్లీ. నీ దగ్గర దాచడం ఎందుకు? ఆ పూల తెర కళ్ళముందు ఊగింది. జనవరిలో పసిబిడ్డతో మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలా అనుకున్నాను. కానీ కింద ఆవిడ ఒంటరిగా బట్టపెట్టి నేల తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అది వింటూ టర్కీ మీద వెన్న రాయడం నా వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని మెట్లు దిగాను.

ఆవిడ నీలం ఏప్రన్ కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక తొక్క.

"నేను ఇవాళ ఒక్క దుంప కూడా కొయ్యలేదు" అంది, నా వైపు చూడకుండానే.

"నేనే వేశానండీ. ఇరవై పౌన్ల దుంపల తొక్కలు. సెలెరీ కూడా. బేకన్ కొవ్వు కూడా."

"కొవ్వా! వేడినీళ్ళతోనా?"

"అవునండీ."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నా వెనకే వచ్చిన లీరాయ్ ముందుకు దూకి, "కాదండీ, నేనే వేశాను. తనకేం తెలియదు" అన్నాడు.

"నువ్వు ఊరుకో. నీ మొహానికి దుంప తొక్క తియ్యడం కూడా వచ్చినట్టు లేదు" అంది ఆవిడ. నేను నవ్వాలో ఏడవాలో తెలియక, "పెట్టెలు సర్దుకోమంటారా అమ్మగారూ?" అని అడిగేశాను.

"ముందు నన్ను లేపు. మోకాళ్ళు పట్టేశాయి. పండగనాడు ఏ ప్లంబరూ రాడు. అబ్బాయ్, ఆ మూల మా నీల్స్ పనిముట్ల సంచీ అందుకో. పానా పెద్దదీ, పొడుగాటి తీగ చుట్టా రెండూ ఉన్నాయో లేదో చూడు."

ముగ్గురం నేలమాళిగలోకి వెళ్ళాం. ఆవిడ బోర్లించిన డబ్బా మీద కూర్చుని, చేతిలో చెక్క గరిటెతో లీరాయ్‌ని నడిపించింది. "పైపుకున్న ఆ మూత విప్పు. అటు కాదు, ఎడమకి. బకెట్టు ముందు పెట్టు, తర్వాత విప్పు! మా నీల్స్ మొదటిసారి బకెట్టు పెట్టకుండా విప్పి పెళ్ళిబూట్లు పాడుచేసుకున్నాడు." మూత ఊడింది. తీగ తిప్పుతూ లోపలికి తోస్తుంటే భళ్ళున వచ్చింది. లీరాయ్ మోచేతుల దాకా తడిసిపోయాడు. దుంపలు పిండయి ముద్దలు కట్టాయి. సెలెరీ పీచు జడలా అల్లుకుపోయింది. వాటన్నిటికీ బేకన్ కొవ్వు మైనంలా పట్టేసింది.

ఆవిడ ఆ ముద్దని గరిటెతో కదిపి నాకు చూపించింది. "చూశావా అమ్మాయ్? మిషను నమిలేసింది. మింగాల్సింది పైపు కదా. దానికి గొంతు పట్టేసింది."

"మా ఊళ్ళో పందులు ఇంతకంటే ఎక్కువే తినేవండీ" అన్నాను, నోరు ఊరుకోక.

"ఇది పంది కాదే పిచ్చిదానా. దాని లోపల కత్తులున్నాయనుకున్నావా? ఏమీ లేవు, గోడకేసి రుద్దుతుందంతే. నాలాంటి పళ్ళులేని ముసలిది. కొంచెం కొంచెం పెట్టాలి. మధ్యమధ్య నీళ్ళు తాగించాలి." మొదటి రోజు చెప్పినదంతా అక్కడే మళ్ళీ చెప్పింది, ఈసారి ఒక్క ముక్క వదలకుండా విన్నాను.

చుట్టాలు వచ్చేసరికి రెండయింది. లీరాయ్ స్నానం చేశాడు కానీ వాసన ఇంకా వదల్లేదు. వాళ్ళన్నయ్య, "ఏంట్రా, టర్కీని నువ్వే మురుగులో ఈది పట్టుకొచ్చావా?" అని ఏడిపించాడు. ఆవిడ సింకు చుట్టూ నేల ఆరలేదు, ఆవిడ కోడి ఇంకా పొయ్యెక్కలేదు. నేను పైకి రమ్మన్నాను. రానంది. మీ తాతయ్య వెళ్ళి కుర్చీతో సహా ఎత్తుకొస్తానన్నాడు. వచ్చింది.

ఈ పండగకి తినే ముందు అందరూ దేనికి కృతజ్ఞులో చెప్పాలి కదా, వరసగా చెబుతున్నారు. ఆవిడ వంతు వచ్చింది. "మా నీల్స్ ఆ మూత చేతికందే చోట పెట్టినందుకు" అంది. నా వంతు వచ్చింది. ఈ ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా దేనికని చెప్పను? "దుంపలు చల్లారుతున్నాయి, తినండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

భోజనాలయ్యాక వాళ్ళంతా ముందుగదిలో పేకాటకి కూర్చున్నారు. ఆవిడ నా పక్కన సింకు దగ్గర నిలబడింది. "ఊఁ, చెయ్యి. చూస్తాను."

ఎముకలు వేరే కాగితంలో కట్టాను. టర్కీ కొవ్వుని ఖాళీ కాఫీ డబ్బాలోకి వంచాను. అది చల్లారి గడ్డకట్టాక చెత్తబుట్టలో పడేస్తానని చెప్పాను. తొక్కలు, పీచు ఉన్నవి, కాఫీ పిప్పి, మిగిలిన అన్నం ఏదీ మిషను దగ్గరకి రానివ్వలేదు. కుళాయి తిప్పబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏ నీళ్ళు?"

"చన్నీళ్ళండీ."

"ఎందుకు?"

"వేడినీళ్ళకి కొవ్వు కరిగి లోపలికి జారుతుంది, దూరం వెళ్ళాక గడ్డకట్టి పైపుకి అతుక్కుంటుంది. చన్నీళ్ళయితే ముందే గట్టిపడి, ముక్కలై కొట్టుకుపోతుంది."

"ఊఁ."

ముందు నీళ్ళు, తర్వాత స్విచ్చి, ఆ తర్వాత పళ్ళేలకి అంటుకున్న మెత్తటి తునకలు గోరంత గోరంత వేశాను. ఒక స్పూను జారి లోపల పడబోతే చెయ్యి పెట్టబోయాను. ఆవిడ నా మణికట్టు మీద గరిటెతో ఒక్కటి వేసింది. "కరెంటు తీసెయ్యకుండా అందులో వేలు కూడా పెట్టకు! పట్టకారు దేనికుంది?" చివరికి మిషను ఆపాక కూడా నీళ్ళు వదిలే ఉంచి ఇరవై దాకా లెక్కపెట్టాను.

ఆవిడ గోడకి చెవి ఆనించి వింటోంది. నీళ్ళు గలగలమంటూ కిందికి, నేలమాళిగ దాకా దిగిపోయాయి.

"దిగింది" అంది. చేతులు తుడుచుకుని, పడకగది వైపు తొంగిచూసి, "ఉయ్యాల ఆ మూల వెయ్యకు. అక్కడ గాలి కొడుతుంది. జనవరిలో బిడ్డ వణికిపోతుంది. ఈ గోడవైపు వెయ్యి, వెనకే పొగగొట్టం ఉంది, వెచ్చగా ఉంటుంది" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను సింకు పట్టుకుని అలాగే ఏడ్చాను. బల్ల దగ్గర చెప్పలేకపోయిన మాట అప్పుడొచ్చింది నా నోటికి. వినడానికి ఎవరూ లేకపోయినా పైకే చెప్పుకున్నాను.

ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాం. మీ అమ్మ ఆ వెచ్చటి గోడ పక్కనే పెరిగింది. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా ఆ రోజు గురించి దెప్పలేదు. తప్పు చేసినదానికి పని నేర్పి, ఉండనిచ్చింది. అలాంటి మనుషులు దొరకడం నా అదృష్టం ట్రెసా, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

నాకు మతిమరుపు రాకముందే నీకు అప్పగిస్తున్నాను. ఇంగర్ బ్రోడర్సన్ అనే పేరు గుర్తుపెట్టుకో. నీ వంటింట్లోకి ఎవరైనా కొత్తగా వచ్చి, తెలియక ఏదైనా పూడ్చేస్తే, ముందు బకెట్టు పెట్టు, తర్వాత ఈ కథ చెప్పు. నేను చెప్పినట్టే చెప్పు, ఏప్రన్ రంగుతో సహా.