జాబితాలో లేని అవసరం

సాయంత్రం నాలుగైతే చాలు, పుణేలో ఖరాడీ అనే పేటలోని ఆ గాజు ఆఫీసు భవనం సగం ఖాళీ అయి రోడ్డు అవతలి వడాపావ్ బండి చుట్టూ చేరుతుంది. బండి సింధూ మావశీది. మావశీ అంటే పిన్ని. ఆ వయసు ఆడవాళ్ళని పుణే అంతా అలాగే పిలుస్తుంది.

పావ్ బన్నుని మధ్యకి చీల్చి, ఎర్రటి వెల్లుల్లి కారం రాసి, బాణలిలోంచి అప్పుడే తీసిన వడ పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి ఇస్తుంది. పక్కన ఉప్పు చల్లిన వేయించిన మిర్చి. మొదటి కొరుక్కి, ఆ భవనంలో పనిచేసే కేతకి కళ్ళు మూసుకుంటుంది. రెండో కొరుక్కి ముక్కు కారుతుంది. అప్పుడు మావశీ అడక్కుండానే స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి అందిస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఆ పిల్లకి, రోజు మొత్తంలో బతికినట్టనిపించే పది నిమిషాలు ఇవే.

"నువ్వు నీళ్ళు తాగగా ఒక్కసారీ చూళ్ళేదు మావశీ. ఒంటెవా ఏంటి?" అంది కేతకి ఒకరోజు.

"ఒంటెకి మూపురమైనా ఉంటుంది. నాకు నడుంనొప్పే ఉంది," అంది సింధు, వడలు తిప్పుతూ. అందరూ నవ్వారు.

పాఠకులారా, ఆ నవ్వు దగ్గర కాస్త ఆగండి. పొద్దున తొమ్మిది నుంచి మరిగే నూనె ముందు నిలబడే మనిషి నీళ్ళెందుకు తాగదు? ఎవరూ అడగలేదు. ఆ రోడ్డు మీద ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డికి రెండేళ్ళుగా తాళం ఉంది. అది అందరూ చూశారు. చూసిన రెండింటినీ కలిపి ఆలోచించడానికి ఎవరికీ తీరిక లేదు.

ఆఫీసులో కేతకి పని, భవనంలోకి వచ్చే బయటివాళ్ళకి పాసులిచ్చే యాప్ చూసుకోవడం. 'వచ్చిన పని' అన్నచోట ఒక జాబితా ఉంటుంది: ఇంటర్వ్యూ, మీటింగ్, డెలివరీ, రిపేరు. పని అందులో లేకపోతే పాస్ లేదు. ఆ నెల ఆఫీసులో పెంపుడు జంతువుల పండగ పెట్టారు. తోటి ఉద్యోగి ఓజస్ తన కుక్కని తెస్తానన్నాడు. కేతకి జాబితాలో 'పెంపుడు జంతువు' అని చేర్చేసింది. పది నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం మెడలో ఫొటో ఉన్న పాసుతో కుక్క బండి దగ్గరికొచ్చి నిలబడింది.

"దీనికీ పాసుందే," అంది సింధు. "ఫొటోలో నాకంటే బావుంది."

వారం తిరక్కుండానే, జనం పల్చబడ్డాక సింధు గొంతు తగ్గించి అడిగింది. "కేతకీ, మీ బిల్డింగులో బాత్రూముకి ఒక్కసారి వెళ్ళొస్తానే. పొద్దుటి నుంచీ మంటగా ఉంది. పొయ్యి ఆపేస్తాలే."

కేతకి నోట్లో వడ ఉంది. "పాసు కావాలి మావశీ. సిస్టమ్ ఒప్పుకోదు."

"అవునా. సర్లే, తిను," అంది సింధు. నీళ్ళ గ్లాసు అందించింది. కేతకి తాగింది.

మరుసటి రోజు బండి రాలేదు. పదకొండు రోజులు రాలేదు. "డైట్ చేయమని దేవుడి సంకేతం," అన్నాడు ఓజస్.

పన్నెండో రోజు సింధు వచ్చింది. జాకెట్టు భుజాల దగ్గర వదులైంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందట.

"రోజుకి మూడు లీటర్లు తాగమన్నాడు డాక్టరు," అంది. పొయ్యి పక్కన సీసా ఉంది. మూత తీయలేదు. "తాగాక ఎక్కడికెళ్ళాలో చీటీలో రాయలేదు."

ఎవరూ నవ్వలేదు. కేతకి చేతిలో పావ్ అలాగే ఉండిపోయింది. కుక్క మెడలో ఊగిన పాసు గుర్తొచ్చింది. సిస్టమ్ ఒప్పుకోదని తను చెప్పింది. ఒప్పుకోవాల్సింది తనే. ముఖం మీద ఉమ్మేసినా ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

మావశీకి పాసు అడగడానికి భవనం మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "ఇవాళ ఒకావిడ, రేపు రోడ్డంతా వస్తారమ్మా," అన్నాడాయన.

"రానివ్వండి సార్. కుక్క వచ్చినప్పుడు మీరు దాంతో ఫొటో దిగారు. నేను దానికి పాసిచ్చాను. ఈవిడ అడిగితే కుదరదన్నదీ నేనే. ఆ మాట మీటింగులో అందరి ముందూ చెప్తాను. మీరేం చెప్తారో ఆలోచించుకోండి."

కింది అంతస్తు వరకైతే సరేనన్నాడాయన.

జాబితాలో 'బాత్రూమ్' చేరింది. మళ్ళీ పది నిమిషాలే. ఫొటోకి ముందు సింధు చేతులకంటిన శనగపిండి కొంగుకి తుడుచుకుని, ఎక్కడ నిలబడాలని గార్డుని రెండుసార్లు అడిగింది. లోపలికి వెళ్ళి తిరిగొచ్చాక సీసా మూత తీసి, బండి దగ్గరే నిలబడి గటగటా సగం తాగింది.

"చల్లగా ఉన్నాయే," అంది, మొదటిసారి రుచి చూసినట్టు. తర్వాత కేతకికి వడాపావ్ కట్టి ఇచ్చింది. కేతకి తలెత్తలేకపోయింది.

మన దాహం తీర్చే మనిషి తన గొంతు తడుపుకోవడానికి భయపడుతోందంటే, ఆ సిగ్గు ఆమెది కాదు. ఆమె చేతి వడ తిని, ఆమె పోసిన నీళ్ళు తాగి, తాళం వేసిన తలుపు ముందు నుంచి నడిచిపోయిన మనందరిదీ.