చివరి పాటకు సాక్షులు

పాత పాటల రికార్డుల దుకాణం షావుకారుకి సరుకు విలువ కట్టడం రెండు నిమిషాల పని. అట్ట అంచులు తడుముతాడు, రికార్డును వెలుతురుకు వంచి గీతలు చూస్తాడు, ధర చెప్పేస్తాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి కౌంటరు ముందు స్టూళ్ల మీద కూర్చునే ఇద్దరు ముసలి విలేకరుల దగ్గర మాత్రం ఆ విద్య పనిచేయలేదు. వాళ్లు ఏమీ కొనరు. పైగా కొనేవాళ్లకు అడ్డం. అయినా ఒక్క శనివారం రాకపోతే షావుకారుకి దుకాణం బోసిపోయినట్టుండేది.

పెద్దాయన దినపత్రికలో ముప్పై ఏళ్లు రాక్ కచేరీల మీద సమీక్షలు రాశాడు. రెండోవాడు పెద్దాయన భార్యకు తమ్ముడు, మాసపత్రికలో పనిచేసినవాడు. బావ ఏ బ్యాండును ఎత్తితే బావమరిది దాన్ని దించేవాడు. బావ రాసింది పొద్దున చదివి సాయంత్రానికి పొట్లం కట్టుకునేవారని బావమరిది అంటే, నెలకోసారి బావమరిది రాసేసరికి ఆ బ్యాండే విడిపోయేదని బావ అనేవాడు.

ఒకసారి బావమరిది ఒక డ్రమ్మరు సంగతి చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా ఇంటర్వ్యూ ఇవ్వనివాడు, వాన మొదలవగానే తనే కబురంపి రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టాడట. నేను వాయించేది ఇదే, వినండి అన్నాడట. గంటసేపు ఇద్దరూ నోరు విప్పలేదు. అచ్చయిన ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆ రోజు వాళ్లు వెళ్లాక షావుకారు ఆ డ్రమ్మరు రికార్డు పెట్టుకుని విన్నాడు. నిజంగానే వాన పడుతోంది అందులో. దాన్ని అమ్మకం అరలోంచి తీసి లోపల దాచుకున్నాడు. వ్యాపారి చేయకూడని పని అది, తెలిసే చేశాడు.

చిక్కు ఒక టేపుతో వచ్చింది. కచేరీలకు మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి మూతపడితే షావుకారు దాని గోదాములో ఉన్నదంతా గంపగుత్తగా కొన్నాడు. అందులో 'ఇనుప పిచ్చుకలు' అనే బ్యాండు ఆఖరి కచేరీ టేపు దొరికింది. ముప్పై ఎనిమిదేళ్ల నాటిది. రికార్డుగా తేవాలనుకున్నాడు. అయితే ఆ కచేరీ ఎలా ముగిసిందో లోకానికి ముందే తెలుసు. చివరి పాటకు గిటారు పిడుగులా పడిందనీ, గాయకుడి గొంతు స్టేడియం గోడలు దాటిందనీ బావ రాసిన సమీక్షే ప్రతి పుస్తకంలోకీ ఎక్కింది.

టేపులో అది లేదు.

అచ్చులో ఒకటీ టేపులో ఒకటీ ఉంటే జనం అచ్చునే నమ్ముతారు, టేపును దొంగ సరుకంటారు. టేపు నిలబడాలంటే బావ తన చేత్తో ఇది నిజమని రాసివ్వాలి. అలా రాస్తే ఆయన పేరు నిలిచిన సమీక్షే అబద్ధమవుతుంది. ఇంత బరువైన బేరం షావుకారు ఎన్నడూ ఆడలేదు. మూడు శనివారాలు నాన్చాడు. నాలుగో శనివారం ఏమీ చెప్పకుండా టేపు పెట్టాడు.

చివరి పాట మొదలైంది. రెండో చరణంలో గాయకుడి గొంతు పూడుకుపోయింది. మళ్లీ ఎత్తుకోబోయాడు, రాలేదు. గిటారు ఆగింది, డ్రమ్ములు ఆగాయి. ఎక్కడో దూరంగా ఒక ఆడగొంతు ఆ చరణాన్ని అందుకుంది. పక్కన ఇంకొకరు కలిశారు. తర్వాత వేలమంది. అరుపులు లేవు, చప్పట్లు లేవు. నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపకూడదన్నట్టు అంతమందీ గొంతు తగ్గించి పాడుతున్నారు. పాట పూర్తయ్యాక మైకు దగ్గర ఒక మనిషి ఊపిరి మాత్రం వినిపించింది.

షావుకారుకి ఒళ్లు గగుర్పొడిచింది. అప్పటికి ఇరవైసార్లు విన్నాడు, ప్రతిసారీ అంతే.

 ఆ పాట వేళకు తాను టికెట్ల గదిలో ఫోను పట్టుకుని పత్రికకు సమీక్ష చెబుతున్నానని బావ ఒప్పుకున్నాడు. పేజీ మూసే వేళయింది. వేదిక మీద అంటించిన పాటల చీటీ మధ్యాహ్నమే చూసుకున్నాడు కాబట్టి, ఆఖరి పాట ఎలా ఉంటుందో ఊహించి చెప్పేశాడు. దినపత్రికలవాళ్లు చాలామంది చేసే పనే.

"నువ్వు లోపలే ఉన్నావు కదరా," అన్నాడు బావమరిది వైపు తిరిగి.

"ఉన్నాను."

"ఇన్నేళ్లూ నన్ను ఆడిపోసుకున్నావు. ఇది మాత్రం ఎందుకు అనలేదు?"

"అంటే మా అక్క నన్ను గడప తొక్కనిచ్చేదా?" అని బావమరిది నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నాకు నెల గడువు ఉండేది బావా. నాలుగుసార్లు రాసి చింపేశాను. నువ్వు చూడనిదాన్ని అంత బాగా రాశావు. నేను చూసినదాన్ని రాయలేకపోయాను. నీది తప్పని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

షావుకారు ఆ ఇద్దరినీ చూశాడు. ఎదుటివాడి లోపం చేతికి చిక్కితే వాడుకోని మనిషిని తన వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు. బావమరిది ముప్పై ఎనిమిదేళ్లు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, పక్క స్టూలు మీదే కూర్చుని, పొట్లాల గురించి ఎగతాళి చేశాడు.

"మీకు ఇష్టం లేకపోతే ఈ టేపు బయటికి రాదు గురువుగారూ," అన్నాడు షావుకారు. అన్నాక, ఆ మాట తన నోటినుంచి వచ్చిందా అని తనకే ఆశ్చర్యమేసింది.

"ఇది విన్నాక కూడా దాచమంటానా షావుకారూ? కాగితం ఇవ్వు."

బావ నిలబడే రాశాడు. చివరి పాటకు నేను అక్కడ లేను. నేను రాసింది ఊహ. ఈ టేపు నిజం. కింద సంతకం పెట్టి కాగితం షావుకారు చేతిలో పెట్టాడు. ఇంకో కాగితం తీసుకుని స్టూలును బావమరిది వైపు జరుపుకున్నాడు.

"ఆ మొదట పాడినావిడ ఎక్కడుంది? నీకు కనిపించిందా?"

"నాకు నాలుగు వరసల ముందు. నీలం చొక్కా వేసుకుంది."

"ఆగు, మెల్లగా చెప్పు," అన్నాడు బావ, రాసుకుంటూ.