రిపోర్టుల రూముకు తాళం

తెలంగాణ కోసం ఆర్టీసీ సమ్మెల దిగి ఆ రోజుకు పన్నెండు రోజులు. నేను జనగామ డిపోల కండక్టర్ని, పేరు సాలమ్మ. పద్నాలుగేండ్ల సర్వీసు. డిపో గేటు ముందల టెంటు కింద కూసోని జై తెలంగాణ అంటున్న గని, నా పానమంత వరంగల్ల ఉన్నది. ఆడ దవాఖానల నా రిపోర్టు వచ్చి పడి ఉన్నది.

పోయిన చలికాలం నాకు రొమ్ము కాన్సర్ అన్నరు. ఎడమ రొమ్ము తీసేసిన్రు. మందులెక్కిచ్చిన్రు, జుట్టంత పోయి మళ్ల మొలిచింది. ఇగ బతికిన అనుకొని డ్యూటీల చేరిన. నెల తిరగకముందే కొత్త స్కానింగుల రెండు అండాశయాలల్ల నీటిగడ్డలున్నయన్నరు. "మామూలు గడ్డలే కావొచ్చమ్మా. ఆ రోగమే అటు పాకి ఉండొచ్చు గూడ. రక్తపరీక్ష రిపోర్టు తీసుకొని రా, చూసి చెప్త" అన్నడు డాక్టరు. ఫోన్ల చెప్పరట. కావొచ్చు, కాకపోవచ్చు! గీ రెండు మాటలు పట్టుకొని మనిషి అన్నమెట్ల తింటది, మీరే చెప్పున్రి.

అద్దె బస్సులను పోలీసు బందోబస్తుతోని అక్కడక్కడ నడిపిస్తున్నరు. అట్ల బస్సు తీసిన డ్రైవర్ ధన్‌సింగ్‌కు వారం కింద మేము గాజులు పెట్టినం. పళ్లెంల ఎర్ర గాజులు, పసుపు, కుంకుమ. పళ్లెం పట్టింది నేనే. నా నోరు అసలే మంచిది కాదు. "తొడుక్కో తమ్మీ, తొడుక్కొని ఇంట్ల కూసో" అన్న. ఆయిన తల దించుకున్నడు. నేను తొడుక్కునే గాజులు మగోనికి అవమానమెట్లయినయో గప్పుడు నాకు తట్టలే. జనం ఈలలేస్తున్నరు గదా.

పదమూడో రోజు ఇగ నాతోని కాలే. రైలు పట్టాల మీద జనం కూసున్నరు, రైలు లేదు. జీపులు లేవు. మా రఘునాథపల్లి కాడ రోడ్డు మీద రెండు గంటలు నిలబడితే వచ్చింది ఎవరి బస్సనుకున్నరు? ధన్‌సింగ్‌దే. నెత్తి మీద కొంగు కప్పుకొని ఎక్కిన. అద్దంల నన్ను చూసిండు. సావొస్తె బాగుండనిపిచ్చింది. ఛీ, ఆ మాట ఇప్పుడు అనుకోవద్దు గదా.

అలవాటు కొద్ది స్టాఫ్ పాస్ తీసి చూపిచ్చిన.

"సమ్మెల ఉన్నోళ్లకు పాస్ నడ్వదక్కా. టికెట్ తీస్కో" అన్నడు. నవ్వలే, కోపానికి రాలే. నాలుగు తిట్లు తిట్టినా నాకు నిమ్మళమయ్యేది. "ఏడికి?"

"వరంగల్. దవాఖానకు."

ఇంకేం అడుగలే. ఆడ స్టాపు లేకున్న దవాఖాన గేటు ముందల్నే ఆపిండు. దిగుకుంట "తమ్మీ, ఆ రోజు నేను..." అన్న. "పో అక్కా, లేటయితది" అన్నడు.

లోపల రిపోర్టుల రూముకు తాళం. రూము ముందల టెంటు. ల్యాబోళ్లు, గుమాస్తాలు దండలేసుకొని కూసున్నరు. "ఎమర్జెన్సీ తప్ప ఏం చూస్తలేమక్కా. నీది వచ్చే ఉంటది, సమ్మె అయినంక రా" అన్నడు జీవన్ అనే ల్యాబాయన.

"సమ్మె ఎప్పుడయితది?"

"తెలంగాణ వచ్చినంక."

ఒళ్లు మండింది. గట్లనన్న తాళం తీస్తరేమోనని "నేను గూడ సమ్మెల ఉన్నదాన్నే సారూ, జనగామ డిపో" అన్న.

"అయ్యో, మన అక్కనే!" అని అందరు లేచిన్రు. కుర్సీ ఏసిన్రు, ఛాయ్ పోసిన్రు. "బస్సులు బంద్ పెట్టి సమ్మెకు పానం పోసింది మీరేనక్కా" అనుకుంట జీవన్ నా మెడల బంతిపూల దండ ఏసిండు. దండ ఎడమ దిక్కు ఏం లేని కాడ సాపుగ ఆనింది. కొంగు సదురుకున్న.

తాళం దిక్కే చూస్తున్న. పది అడుగుల దూరం ఉండదు. ఇగ తియ్యమని ఏ మొఖం పెట్టుకొని అడగాలె? పన్నెండు రోజులు మా బస్సులు లేక ఎంతమంది ఏ దవాఖానకు పోలేదో నేనెన్నడన్న అడిగిన్నా? తెలంగాణ నాకు గావాలె. అండ్ల అబద్ధం లేదు. నా గడ్డల సంగతి గూడ నాకు గావాలె. రెండు కావాల్సిన మనిషి ఎవరి మీద కొట్లాడాలె? అలిసిపోయిన. కొట్లాడ చాతగాలే.

జీవన్ మైకు తెచ్చి చేతుల పెట్టిండు. "రెండు ముక్కలు మాట్లాడక్కా."

బస్సు నిండ మంది ఉన్నా గొంతు చించుకునేదాన్ని. మైకు రెండు చేతులతోని పట్టుకున్న. సన్నగ "జై తెలంగాణ" అన్న. గంతే, కండ్లల్ల నీళ్లు కారుడు మొదలువెట్టినయి, ఆపుకుంటె ఆగలే.

తెలంగాణ కోసం ఏడుస్తున్ననుకున్నరు. లేచి నిలబడి సప్పట్లు కొట్టిన్రు.