నాలుగో వేలు

అప్పటికి సగం కట్ట అయింది. వంటింటి బల్లను పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో కాగితమే పరిచి, రబ్బరును పైనుంచి కిందికి ఒకే వైపు రుద్దుతున్నాను. అటూ ఇటూ రుద్దితే కాగితం నలుగుతుంది. రాలిన పొడిని ఊదకూడదు, తుంపర పడుతుంది. మెత్తటి బ్రష్షుతో విదిలించాలి. కచేరీ అయ్యాక వాద్యకారులు తమ స్వరాల కాగితాల మీద పెన్సిలుతో రాసుకున్నవన్నీ చెరిపి, మళ్ళీ వాడుకోవడానికి పెట్టెల్లో సర్దడం నా పని. హాల్లో ముగించలేనివి ఇంటికి తెచ్చుకుంటాను. అందుకే బృందంలో నా పేరు రబ్బరమ్మ.

ఎవరి రాత వాళ్ళది. బీరువా అంత వాద్యం మోసుకొచ్చే ఆయన, తప్పు చేసిన ప్రతిచోటా ఒక కళ్ళజోడు బొమ్మ గీస్తాడు. ఆయన కాగితం నిండా కళ్ళజోళ్ళే. ఫ్లూటు ఆవిడ ఊపిరి తీసుకోవాల్సిన చోట చిన్న పక్షిని వేస్తుంది. మా అక్క అంకెలు వేస్తుంది. వయొలిన్ మీద ఏ స్వరానికి ఏ వేలో గుర్తు. చూపుడువేలు ఒకటి, చిటికెనవేలు నాలుగు. వేలు అక్కర్లేని ఖాళీ తీగకు సున్నా. అక్క పెన్సిలు అదిమి రాస్తుంది. రబ్బరు నలుపునైతే తీస్తుంది గానీ, కాగితంలో పడిన గాడి అలాగే ఉండిపోతుంది.

లోపలి గదిలో అక్క శ్రుతి చేసుకుంటోంది. పదింటికి హాల్లో సాధన. నా చేయి కాగితం మీద ఉంది, చెవి ఆ గదిలో ఉంది. ఎక్కడ స్వరం జారుతుందో, ఎక్కడ ఆగిపోతుందో అని ఏడు నెలలుగా ఇలాగే వింటున్నాను.

మా ఊరి బడిలో సంగీతం లేదు. ఈ గీతలూ చుక్కలూ చదవడం అక్కే నేర్పింది. అమ్మా నాన్నా పోయాక నన్ను తన దగ్గరికి తెచ్చుకుని, రాత్రి అన్నం తిన్నాక ఒక్కో పేజీ చదివించేది. వాయించడం నాకు రాలేదు, చదవడం వచ్చింది. దాంతోనే బృందం స్వరాల కాగితాలు దాచే గదిలో ఉద్యోగం ఇప్పించింది. నాలుగేళ్ళలో ఏ పెట్టెలో ఏముందో నాకు కంఠతా వచ్చేసింది. దాంతో, చేతిలో పుల్ల పట్టుకుని బృందాన్ని నడిపించే పెద్దాయన, అందరూ కర్ర మాస్టారు అనే ఆయన, ప్రతి కచేరీకీ నన్నే అడగడం మొదలుపెట్టాడు. వచ్చే నెల నలుగురికి ఏమిద్దాం, ఒంటరిగా వాయించేవాళ్ళకి ఏమిద్దాం, ఒక మూడు తీసి పెట్టు అనేవాడు. నేను మూడు తీసిపెడితే అందులోంచి ఒకటి ఎంచుకునేవాడు.

కిందటి వానాకాలంలో ఒకరోజు అక్క కాగితం తుడుస్తుంటే నా చేయి ఆగిపోయింది. పాత నాలుగులన్నీ తనే చెరిపేసి, వాటి మీద మూడులూ సున్నాలూ రాసుకుంది. ఒక పేజీలో పదకొండు చోట్ల. ఆ సాయంత్రం అక్క గుడ్డలు పిండుతుంటే చూశాను. మిగతా వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. ఎడమ చిటికెనవేలు మాత్రం ఎవరిదో అన్నట్టు పక్కకి నిలబడిపోయింది. నేను చూశానని గమనించి అక్క ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంది. ఏమైందని నేను అడగలేదు. తను చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను మూడు తీసే పద్ధతి మారింది. ప్రతి రచననీ ముందు అక్క చిటికెనవేలితో చదివేదాన్ని. చూపుడువేలూ చిటికెనవేలూ రెండు తీగల మీద ఒకేసారి సాగదీయాల్సినవి పక్కన పెట్టేదాన్ని. ఖాళీ తీగ ఆదుకునేవే పైకి తెచ్చేదాన్ని. నెమ్మదిగా నడిచేవి, మొదటి మూడు వేళ్ళతో గట్టెక్కేవి. అక్క ముందుకన్నా లోతుగా వాయిస్తోందని జనం మెచ్చుకున్నారు. చప్పట్లు మోగినప్పుడల్లా నేను తెర వెనక గోడకి ఆనుకుని ఊపిరి వదిలేదాన్ని. కొంగున నిప్పు కట్టుకుని తిరుగుతున్నట్టుండేది. మొదటి వరసలో మొదటి కుర్చీ అక్కది. వేలి సంగతి బయటపడితే అది పోతుంది. ఆ కుర్చీ లేకుండా అక్క ఎలా ఉంటుందో నాకు ఊహకి కూడా వచ్చేది కాదు.

పోయిన వారం పియానో వాయించడానికి రావలసిన అతిథికి జబ్బు చేసింది. ఆ ఖాళీని అక్కతో నింపుదామన్నాడు మాస్టారు. ఆరేళ్ళ కిందట అక్కకి పేరు తెచ్చిన ఆకుపచ్చ అట్ట రచన తీయమన్నాడు. అందులో మూడో పేజీ మొత్తం చిటికెనవేలి మీదే నడుస్తుంది. కనబడటం లేదండీ, వెతుకుతున్నాను అని చెప్పి, ఇంకో మూడు ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక్కోటీ తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మాయ్, అన్నీ పథ్యం కూడులా ఉన్నాయి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ తాగాను, ఇప్పుడు ఎవరో పక్కన నిలబడి చూస్తున్నారు.

ఇప్పుడు తలుపు చప్పుడైంది. తీసేసరికి మాస్టారు. నాలుగేళ్ళలో ఆయన మా ఇంటికి రావడం ఇదే మొదలు. చంకలో ఆకుపచ్చ అట్ట ఉంది.

కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. ఆయన తాగకుండా గ్లాసును కాగితాలకు దూరంగా జరిపాడు. లోపల వయొలిన్ ఇంకా మోగుతోంది.

"క్లారినెట్టు వాళ్ళ పెట్టెలో ఉంది," అన్నాడు మెల్లగా. "దానికి కట్టిన దారం ముడి నీదే. వేలు ఎడమకి తిప్పి వేసే ముడి ఇంకెవరికీ రాదు."

పొరపాటున పడి ఉంటుందన్నాను.

"నీ చేతికింద కాగితం పోవడమా తల్లీ? హాలు పోయిందని చెప్పు, నమ్ముతా."

ఆయన నా ముందున్న కట్టలోంచి అక్క కాగితం లాగాడు. అరగంట కిందటే తుడిచింది అది. నాకు తెలిసినంతలో అంత శుభ్రంగా ఏ కాగితాన్నీ తుడవలేదు. ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తి, వెలుగు ఏటవాలుగా పడేట్టు వంచాడు. తెల్లటి కాగితంలోంచి గాడులు లేచాయి. మూడుల కింద నాలుగులు, సున్నాల కింద నాలుగులు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టలేదు. చూస్తూ ఉండిపోయాడు.

"డాక్టరుకి చూపించిందా?"

తెలియదన్నాను. అది నిజమే. తెలుసుకోవాలంటే అడగాలి, అడిగితే నాకు తెలుసని తనకి తెలిసిపోతుంది.

"అంటే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి..." అని ఆగిపోయాడు.

అప్పుడే వయొలిన్ ఆగింది. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. కమాను ఇంకా కుడిచేతిలోనే ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. మాస్టారుకి దణ్ణం పెట్టలేదు. నన్నే చూసింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"వానాకాలం నించక్కా."

అక్క వేళ్ళు కమాను మీద బిగిశాయి. "అయితే ఆ కచేరీలన్నీ నువ్వు ఏరిపెట్టినవే."

నేను తల దించుకున్నాను. నువ్వు కుర్చీ పోగొట్టుకుంటావని భయమేసింది అని చెప్పాలనుకున్నాను. కుర్చీ గురించి భయపడ్డానే గానీ, ఇలా గుమ్మంలో నిలబడి తన చప్పట్లన్నీ వెనక్కి లెక్కేసుకుంటున్న అక్క ముఖం నాకు ఒక్కసారీ తోచలేదు.

మాస్టారు లేచి, ఆకుపచ్చ అట్టను బల్ల మీద పెట్టాడు. దాని పక్కన సంచీలోంచి తీసి ఇంకో పల్చటి కట్ట పెట్టాడు. అదే కచేరీలో రెండో వయొలిన్ల కాగితం. వెనక వరస. చదవక్కర్లేకుండానే నాకు తెలుసు, అందులో నాలుగో వేలు లేకపోయినా నడిచిపోతుంది.

"నేనొకటి చేతికిస్తే శిక్ష అవుతుంది," అన్నాడు అక్కతో. "మీ చెల్లి ఇస్తే జాలి అవుతుంది. నువ్వే తీసుకో. పదింటికి ఏది తెస్తే దాన్నే మొదలెడదాం."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆకుపచ్చ అట్ట తెరిచి మూడో పేజీకి వెళ్ళింది. ఆరేళ్ళ కిందటి ఆ పేజీని నేను ఎప్పుడూ తుడవలేదు, మనసొప్పలేదు. నాలుగులు నల్లగా, గట్టిగా, వరసగా ఉన్నాయి. అక్క ఎడమ చేతిని బల్ల మీద పెట్టి, ఆ వరస వెంట వేళ్ళు ఆడించింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత చెయ్యి ఆగిపోయింది. చిటికెనవేలు పక్కకి జరిగి నిలబడింది. మళ్ళీ మొదటి నుంచి ఆడించింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా ప్రయత్నిస్తుందేమోనని నేను ఆ వేలినే చూస్తున్నాను.

ప్రయత్నించలేదు. అట్ట మూసింది. దాన్ని నా వైపు జరిపింది. రబ్బరును కూడా దాని మీద పెట్టింది.

పల్చటి కట్టను తీసుకుని వయొలిన్ పెట్టె మూతలో సర్దుకుంది. కమాను బిగుతు వదులు చేసి, మెత్తటి గుడ్డ కప్పి, గొళ్ళేలు వేసింది. రెండో గొళ్ళెం ఎప్పుడూ ఎడమ చేత్తో వేసేది. ఈసారి కుడిచేత్తో వేసింది, నా ముందే, దాచకుండా.

నేను హడావిడిగా కాగితాలు దొంతర పెట్టి తాళంచెవి అందుకున్నాను. రోజూ ఇద్దరం కలిసే వెళ్తాం. నేను తాళం వేసేదాకా అక్క వీధి మెట్టు మీద నిలబడి, మా రబ్బరమ్మకి ఇంకా తెమల్లేదు అని ఎదురింటివాళ్ళకి వినపడేట్టు అనేది.

అక్క పెట్టె భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాటింది. నేను తాళంచెవి పట్టుకుని వింటున్నాను. అడుగులు వీధి మెట్టు దగ్గర ఆగలేదు.