పైఅంతస్తు ఫోన్

కొత్త రౌటర్ ఇంటికొచ్చిన నాటికి గజేందర్‌కు గోదాం నిండా పసుపు ఉంది, మహారాష్ట్ర సాంగ్లీలో ఆయన మాట మీద సరుకు కొనే శేటు ఉన్నాడు. రెండు కాపురాలకు ఒకటే వంటిల్లు ఉంది. తమ్ముడు భూమేష్ మస్కట్ పోతూ భార్య జ్యోతిలక్ష్మిని, బిడ్డ భూమికను అన్న ఇంటి పైఅంతస్తులో ఉంచి పోయాడు. అంకాపూర్ దగ్గర తమ్ముడి పొలాన్ని జ్యోతిలక్ష్మే దగ్గరుండి చేయిస్తుంది. ఆమె పండించిన పసుపు ఏటా బేరం మాట లేకుండా బావ గోదాంలో దిగుతుంది. ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో మిగతా వ్యాపారులు గజేందర్‌ను చూసి కుళ్లుకునేది ఈ ఒక్కదానికే.

ఇప్పుడు శేట్లు ఆర్మూర్ దాకా రావడం లేదు. గజేందర్ వీడియో కాల్ పెట్టి, కుప్పలోంచి పసుపు కొమ్ము తీసి ఫోన్ ముందు విరుస్తాడు. వాళ్లు లోపలి రంగు చూసి, విరిగిన చప్పుడు విని ధర చెబుతారు. అందుకని పెద్ద ప్లాన్ తీసుకుని రౌటర్ మార్పించాడు. నెట్ మనిషి అన్నీ బిగించి పోయాక, కొత్త కాంటా కొన్నప్పుడు చేసినట్టే దీనికీ కొబ్బరికాయ కొట్టాడు. వచ్చేదంతా ఈ దారినే కదా అని వైరు ఊడదీసి, అది దూరే మూతికి గడపకు పూసినట్టు తడి పసుపు దట్టంగా పూశాడు. కుంకుమ అద్ది, వైరు మళ్లీ తోశాడు.

మర్నాడు శేటుకు కొమ్ము విరిచి చూపించాడు.

"విరిగింది కొమ్మా, నీ నెట్టా భాయ్? ఫొటోలో ఉన్నట్టు నిలబడ్డావ్!" అని శేటు హిందీలో నవ్వాడు.

నెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి మనిషి కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. "మా లైన్ మంచిగున్నది అన్నా. మీ ఇంట్లనే ఎవలో మస్తు వాడుతున్నరు. జర చూస్కోండ్రి."

గజేందర్ యాప్ తెరిచాడు. అన్నిటికంటే ఎక్కువ లాగుతున్నది పైఅంతస్తు ఫోన్. రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే భూమేష్ వీడియో పెడతాడు. మాట్లాడేది తక్కువే. జ్యోతిలక్ష్మి ఫోన్‌ను కిటికీకి ఆనించి తన పనిలో పడుతుంది, భూమిక హోంవర్క్ రాసుకుంటుంది, అతను అక్కడ ఉల్లిగడ్డలు కోసుకుంటూ వీళ్లను చూస్తుంటాడు. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లల్లో మాటలు అయిపోయినా ఫోన్ పెట్టెయ్యరు.

అన్నాల దగ్గర గజేందర్ ఆ మాట ఎత్తాడు. "జ్యోతీ, వీడియో అంటే నల్లానా, ఇప్పి ఇడిసిపెట్టెతందుకు? మాట్లాడుండ్రి, బంద్ చెయ్యుండ్రి."

"మాట్లాడెతందుకు కాదు బావా. బిడ్డను చూసుకుంటడు, గంతే. పాత డబ్బా ఉన్నప్పుడు గూడ గిట్లనే చూసిండు. అప్పుడు మీకు అడ్డం రాలేదు గదా?"

లెక్క తెలిసిన మనిషి ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. గజేందర్ చెవికి మాత్రం ఆమె ఎదురు చెప్పిందన్నదే ఎక్కింది. చెయ్యి కడుక్కుని వచ్చి పాస్‌వర్డ్ మార్చేశాడు.

అయినా నెట్ నడవలేదు. మరుసటి సాయంత్రం యాప్‌లో చూస్తే ఈసారి లాగుతున్నది భార్య గంగమణి ఫోన్. గంగమణి ఎదురుగా పప్పు ఏరుతోంది, ఆమె చేతిలో ఫోన్ లేదు.

"నీ ఫోనేది?"

"పిల్ల నాయన నాయన అని ఏడుస్తుంటే ఇచ్చిన. నేరమా?"

గజేందర్ మెట్లెక్కాడు. కిటికీలో గంగమణి ఫోన్ ఉంది. అందులో భూమేష్ నోరు సగం తెరిచి, కత్తి సగం లేపి బొమ్మలా ఆగిపోయి ఉన్నాడు. కాల్ తెగిందనుకున్నాడు గజేందర్.

"దొంగ కరెంటు లెక్క దొంగ నెట్టు గూడనా? నా ఇంట్ల ఉంటిరి, నా పొయ్యి మీద తింటిరి. వాడు గక్కడ కూసోని చూసుడేంది? బిడ్డ మీద గంత పావురమే ఉంటే ఇంటికి రమ్మను. పెండ్లాం బిడ్డలను నా నెత్తిన పెట్టి పోయిండు."

కిటికీలోంచి, పెదవి కదలని ఆ బొమ్మలోంచి గొంతు వచ్చింది.

"అన్నా, బొమ్మ ఆగింది గని మాట వినొస్తున్నది."

భూమిక పెన్సిల్ పట్టుకుని పెద్దనాయన వైపే చూస్తోంది. ఆయన మెట్లు దిగి వచ్చాడు.

తెల్లారి పైఅంతస్తులో వేరే పొయ్యి వెలిగింది. గంగమణి బతిమాలడానికి పోయి, తీసుకుపోయిన కూరగిన్నెను అట్లాగే పట్టుకుని తిరిగొచ్చింది. "నిన్న నువ్వు తిండి కొలిచి చెప్పినంక ఎట్ల తింటరు?" అని గిన్నెను మొగుడి ముందు పెట్టింది.

బస్తా తూకం తక్కువొస్తే గజేందర్ హమాలీని తిట్టడు, ముందు కాంటా చూస్తాడు. ఇక్కడ ఆ పని ఆఖరున చేశాడు. వైరు ఊడదీసి లైటు వేస్తే, మూతి లోపలి రాగి తీగల మీద పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. ఆయన పూసిందే. బ్రష్షుతో గీకి, వైరు కొస మార్పించగానే నెట్ పరుగెత్తింది.

వెంటనే పైకి పోయాడు. "జ్యోతీ, తప్పు డబ్బాదే ఉండె. పాస్‌వర్డ్ చెప్త, రాసుకో."

డబ్బాదేనని ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. నాలుక మీదికి అదే వచ్చింది.

"మేము వేరే లైన్ తీసుకున్నం బావా. పొద్దుగాలనే వచ్చి పెట్టి పోయిండ్రు."

"తమ్ముడేమన్నడు?"

"ఏమనలే. ఇల్లూ పొయ్యీ మీయేనని మీరు జెప్పింది నిజమే గదా, అన్నడు."

ఆ ఏడు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టించాక జ్యోతిలక్ష్మి సరుకు బండి గోదాం ముందు నుంచే పోయింది. ఆగలేదు. డ్రైవర్ పక్కన కూర్చున్న ఆమె బావను చూసి కొంగు సరిచేసుకుంది. మర్యాదలో ఏ లోటూ చేయలేదు. బండి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయింది.

ఆ వారమే శేటు వీడియోలోకి వచ్చాడు. ఈసారి గజేందర్ ఎక్కడా ఆగిపోలేదు. ఒక కొమ్ము విరిచాడు, ఇంకోటి విరిచాడు.

"భేష్, అద్దంలో చూసినట్టుంది," అన్నాడు శేటు. "అది సరే భాయ్, పోయినేడు పంపిన ముదురు రంగు మాల్ ఏదీ? ఇది అది కాదు."

"అది మా తమ్ముడిది శేట్. ఈసారి రాలే."

"అయితే తర్వాత మాట్లాడదాం."

పెద్ద ప్లాన్‌తో గజేందర్‌కు వచ్చిన లాభం ఇదే. ఆయన కుప్పలో ఏది లేదో సాంగ్లీలో కూర్చున్న మనిషికి ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది.