ఏడో గుంత దగ్గర మడుగు

నిరుటి దాకా చిట్యాల దాటాక హైవే పక్కన పచ్చగా ఒక గోల్ఫ్ క్లబ్బు కనిపించేది. తెల్లవారేసరికి పచ్చిక మేస్త్రీ వీరేశం పొడవాటి వెదురుకర్రతో గడ్డి మీది నీటిచుక్కలను దులుపుతుండేవాడు. రాత్రి చల్లిన నీళ్లవి. తడి మిగిలితే బంతి సాఫీగా దొర్లదు. అదే వేళకు కంచె అవతల ఊరి ఆడవాళ్లు బిందెలు వరుసపెట్టి నల్లా వైపు చూస్తుండేవారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఇది బంతిని పడేసే గుంతలు తొమ్మిదే ఉన్న మైదానం. గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి ఆడేవారు. సభ్యులు పెరిగారు. ఇసుక పోయి పచ్చిక వచ్చింది, తొమ్మిది పద్దెనిమిదయ్యాయి, వాటికోసం లోతైన బోర్లు పడ్డాయి. కూలీగా చేరిన వీరేశం మేస్త్రీ అయ్యాడు. నడి ఎండల్లోనూ గడ్డి వాడనివ్వడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఊరి బోరు ఎండుతోందని భార్య ఈదమ్మ మొత్తుకుంటే, వానలు పడితే అదే సర్దుకుంటుందని తోసేసేవాడు. తాను తిప్పే బోరు వాల్వుకూ ఇంట్లో ఖాళీ బిందెకూ సంబంధం ఉందని తోచలేదు. తోచనివ్వలేదు అనడమే న్యాయం.

నిరుడు మే నెలలో, రేపు పోటీలనగా, కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. కంచె కింద దూరి ఎవరో నీళ్లు ఎత్తుకెళుతున్నారట. వీరేశం కర్రతో ఉరికాడు. ఏడో గుంత పక్కన, పైపు కారి మడుగు కట్టిన చోట, కొందరు ఆడవాళ్లు గ్లాసులతో బిందెల్లోకి తోడుతున్నారు. అతను గద్దించగానే ముందున్న ఆమె తల తిప్పింది. ఈదమ్మ.

"కొడ్తవా? కొట్టు. జర గీ బిందె నిండనియ్యి" అంది.

"నా ఇజ్జత్ తీస్తున్నవే. రేపే పోటీలు."

"గడ్డికి దూపైతే రాత్రంత మేల్కొని పోస్తవ్. మాకు దూపైతే వాన మీదికి తోస్తవ్. నేను గడ్డినై పుట్టినా బాగుండు."

పక్కింటి గుర్వమ్మ నవ్వింది. "ఒద్దే. పొద్దుగాల్నే కర్రతోని దులుపుతడు."

వీరేశం నవ్వలేకపోయాడు. కర్ర కింద పెట్టి, నిండిన బిందెను భార్య నెత్తికెత్తాడు. అటునుంచి అటే క్లబ్బు అధ్యక్షురాలు సుచరిత దగ్గరికి నడిచాడు. నల్లగొండలో ఏళ్ల తరబడి వైద్యం చేసి రిటైరైన డాక్టరామె. ఆమె మాటంటే అందరికీ గౌరవం.

"నీళ్లు తోడింది మా ఇంటామెనే మేడం. కానీ ఊరి నీళ్లు గుంజింది నా చెయ్యి. ఇగ గా వాల్వు నేను తిప్ప. నౌకరి తీస్తె తీయుండ్రి."

ఆమె లేచి వెళ్లి మడుగు చూసింది. పోటీలు ఆగాయి. సభ్యుల సమావేశంలో గొడవైంది. పచ్చిక లేకపోతే క్లబ్బెందుకని కొందరు లేచారు. సుచరిత అందరినీ మాట్లాడనిచ్చి, చివర్న అంది:

"బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే ఆడాలన్నది మన ఆట నియమం. మన క్లబ్బు మెట్టనేల మీద పడింది. ఇక్కడినుంచే ఆడదాం."

కొత్త తొమ్మిది గుంతలకు నీళ్లు ఆపేశారు. ఆ బోర్లు ఊరి ట్యాంకుకు కలిశాయి. మిగిలిన పచ్చికకు క్లబ్బులో వాడిన నీటినే శుభ్రం చేసి పెడుతున్నారు. వీరేశం నౌకరీ నిలిచింది.

ఈ ఎండాకాలం సగం మైదానం పసుపుపచ్చగా మారి, మేకలకు మేతయింది. మేకల మధ్య బంతి ఆగితే, అవి కదిలేదాకా ఆటగాళ్లు నవ్వుకుంటూ నిలబడుతున్నారు. ఎండిన గడ్డిని చూసి వీరేశం ఇప్పుడు సిగ్గుపడడు. ఊరి గొంతు తడిపాక మిగిలిన నీటితో పెరిగిందే అసలైన పచ్చదనం.